నా మీద నేనే టైప్ చేసిన జవాబులు

మా మామగారి కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయిన మూడో రోజున నేను ఆయన దగ్గర టైపిస్టుగా కుదిరాను. జీతం లేదు, ఆదివారం సెలవు కూడా లేదు. నెల రోజులు ఫోను వైపు చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. పదిహేను రోజులాగి ఎడమకన్ను కూడా చేస్తారు కాబట్టి ఆ నెల ఇంకాస్త సాగేలా ఉంది. నల్లగండ్లలో మా ఫ్లాటు ఏడో అంతస్తులో. ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని హాల్లో సోఫా చివర కూర్చునేవారు. రెండు రోజులు ఎలాగో ఓర్చుకుని, మూడో రోజు సాయంత్రం నేను లాప్‌టాప్ ఇలా మూశానో లేదో పిలిచారు.

"అమ్మాయ్, నీ ఆఫీసు పని అయినట్టేనా? ఒక్క పావుగంట ఇటు కూర్చో. మా గ్రూపులో ఆ నాస్తికుడు ఈపాటికి ఏదో ఒకటి వాగి ఉంటాడు. వాడికి రెండు ముక్కలు రాయాలి. నేను చెప్తుంటాను, నువ్వు కొట్టిపెట్టు."

ఆ నాస్తికుణ్ని నేనే.

ఏమని చెప్పి తప్పించుకోను? కళ్లకు గంతలు కట్టినట్టున్న మనిషి పావుగంట అడుగుతుంటే కుదరదని ఎలా అనను? ఆయన ఫోను తీసుకుని పక్కన కూర్చున్నాను.

ఆ గ్రూపు గురించి చెప్పాలి. దేవుడున్నాడనేవాళ్లూ లేడనేవాళ్లూ ఒకే చోట చేరి రోజంతా కొట్టుకునే చోటు అది. 'మన పూర్వీకులంతా పిచ్చివాళ్లా' అని ఒకళ్లు మొదలుపెడతారు, 'సైన్స్ చదువుకోండి ముందు' అని ఇంకొకళ్లు అందుకుంటారు. పదో జవాబుకల్లా విషయం ఎటో పోయి, నీ చదువెంత నా చదువెంత అన్న దగ్గరికి వస్తుంది. మామయ్య అందులో సొంత పేరుతో, సొంత ఫొటోతో ఉండేవారు. నేను ఒక మగ పేరు పెట్టుకున్నాను. ఆడపేరుతో దేవుడు లేడంటే వచ్చే జవాబులు వేరుగా ఉంటాయని ఒక వారంలోనే తెలిసొచ్చింది. ఫొటో స్థానంలో మా ఊరి గుట్ట మీది ఒక బండరాయి పెట్టాను. మాది ఖాజాగూడ. ఆ రాళ్ల మీద జారి మోకాళ్లు చెక్కుకుని పెరిగినదాన్ని.

నాకు కోపం ఎక్కువ. అది అత్తింట్లో చూపించే వీల్లేదు, ఆఫీసులో చూపిస్తే రివ్యూలో రాస్తారు. పైగా ఇంట్లో వాళ్ల కోస్తా మాట, ఆఫీసులో ఇంగ్లీషు, అమ్మతో ఫోన్లో మాత్రమే నా మాట. ప్రేమించి పెళ్లి చేసుకున్నప్పుడు ఇవన్నీ ఎవరు ఆలోచిస్తారు? నా ఇష్టం వచ్చినట్టు నోరు పారేసుకోవడానికి మిగిలింది ఆ గ్రూపే. కానీ నేను అందులో చేరింది దేవుడి కోసం కాదు. మామయ్య పేరు చూసి చేరాను.

అంతకు మూడేళ్ల ముందు నాకు మూడో నెల. చలికాలం పొద్దున్న సూర్యగ్రహణం వచ్చింది. ఆ రోజే మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు రిలీజు. గడప దాటొద్దని ఇంట్లో అందరూ చెప్పారు. నేను క్యాబు పిలుచుకుని మాదాపూర్ వెళ్లాను, క్యాంటీన్లో ఉప్మా తిన్నాను, సాయంత్రానికి రిలీజు పూర్తి చేసి వచ్చాను. మూడు వారాలకు కడుపు పోయింది. 'మీరు చేసిన పని వల్ల కాదు, చేయని పని వల్లా కాదు' అని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను. నిద్రపోయాననుకుని మామయ్య హాల్లో వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"గ్రహణం పూట గడప దాటొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పామే. వినలేదు. చేజేతులా పోగొట్టుకుంది."

నేను విన్నానని ఆయనకు తెలియదు. నా భర్తకు కూడా చెప్పలేదు. చెబితే అతను వెళ్లి తండ్రిని నిలదీస్తాడు, అప్పుడు నేనూ మామయ్యా ఒకరి మొహాలు ఒకరం చూసుకోవాలి. మరుసటేడు అత్తయ్య పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఆయనొక్కరే. అలాంటి మనిషితో ఆ మాటెత్తి కొట్లాడలేను, ఆ మాటను మరచిపోనూలేను. అందుకే గ్రూపులో మగ పేరు పెట్టుకుని, ఆయన ఏది రాస్తే దాన్ని చీల్చి చెండాడేదాన్ని. వంటింట్లో ఆయనకు కాఫీ కలుపుతూనే ఎడమచేత్తో ఆయన మీద జవాబు రాసిన రోజులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇక టైపింగు సంగతి. మామయ్య ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన జవాబు చెప్పడం అంటే ఫైలు మీద నోటు రాయించడమే. ముందు నేను ఆ నాస్తికుడి రాత పైకి చదవాలి. అంటే నా తిట్లు నా నోటితోనే, ఏమీ ఎరగనట్టు, వార్తలు చదివినంత చప్పగా వినిపించాలి. ఆయన కళ్లద్దాల వెనక కళ్లు మూసుకుని వినేవారు.

"వీడికి తెలివుందమ్మా. మర్యాదే లేదు," అనేవారు చివర్లో.

తెలివుందన్నందుకు సంతోషించాలో, మర్యాద లేదన్నందుకు మండిపడాలో తెలిసేది కాదు. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు. "అయ్యా, కామా. తమరు నిన్నటి దినమున వెలిబుచ్చిన అభిప్రాయమును చూచితిని, ఫుల్‌స్టాప్. కొత్త పేరా." నాతో మాట్లాడేటప్పుడు వాడు, వీడు అనే మనిషి రాతలోకి రాగానే తమరు అనేవారు. అంతా అయ్యాక "ఏదీ, ఒకసారి చదివి వినిపించు" అనేవారు. చదివి వినిపించందే ఏదీ ఆయన చేతి కింద నుంచి బయటికి పోకూడదు, అది ముప్పై ఏళ్ల అలవాటట.

"టైపిస్టు సొంత మాట కలపకూడదు, ఉన్న మాట తియ్యకూడదు. మా సెక్షన్లో ఒకడు అలా తీసేశాడు. వాణ్ని రెండేళ్లు రికార్డు గదిలో కూర్చోబెట్టాను," అని మొదటిరోజే హెచ్చరించారు.

మర్నాడు నేను ఆఫీసులో భోజనం వేళ నాస్తికుణ్నయి దానికి జవాబు రాసేదాన్ని. ఇంటికొచ్చి ఆయన కళ్లలో చుక్కలు వేసి, పక్కన కూర్చుని, నా జవాబు చదివి, దానికి ఆయన జవాబు టైపు చేసేదాన్ని. రెండు వైపుల పావులూ నేనే జరుపుతున్న అష్టాచెమ్మా అది. మానేద్దామంటే, నేను టైపింగుకు కూర్చున్నరోజు నుంచే నాస్తికుడు మాయమైతే అనుమానం రాదా? పోనీ ఘాటుగా రాద్దామంటే సాయంత్రం అది నేనే పైకి చదవాలి. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయేది. ఈ మాట ఆయన ముందు పలకగలనా అని ఒకసారి పెదాలు కదిపి చూసుకుని, పలకలేనివి కొట్టేసేదాన్ని. పది రోజులకు మావైపు వాళ్లే గోల మొదలుపెట్టారు, "ఏంటి బ్రదర్, మెత్తబడ్డావు? కొంపదీసి మాల వేసుకున్నావా?" అని.

ఒకరోజు మాత్రం నేను టైపిస్టు ధర్మం తప్పాను. దేవుడు ఉన్నాడనడానికి రుజువు చూపించమని నాస్తికుడు అడిగాడు. మామయ్య ఆ తమరు, చూచితిని అన్నీ వదిలేసి మామూలుగా చెప్పారు.

"రాయమ్మా. దేవుడున్నాడా లేడా అన్నది నాకు రెండో ప్రశ్న. మా ఆవిడ పోయాక, పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి దాకా ఈ ఇంట్లో నేను మాట్లాడేది ఆయన ఒక్కడితోనే. నువ్వు ఆయన్ని తీసేస్తే ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతావో చెప్పు."

టైపు చేశాను. చదివి వినిపించాను. పంపే ముందు చివరి రెండు వాక్యాలూ తీసేసి పంపాను. దానికి నా దగ్గర ఉన్న జవాబల్లా ఆరింటికే ఇంటికి రావడం, అది నాకు చేతకాదు. ఆ రోజు ఆయన పక్కనుంచి లేచి వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

ఈలోగా రెండు సంగతులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఒకటి, నాకు మళ్లీ నెల తప్పింది. ఎనిమిదో వారం. నా భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండు, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం అన్నారు. సాయంత్రం ఐదు దగ్గర పట్టి, సూర్యుడు ఆ గ్రహణంతోనే కుంకుతాడు. గ్రూపులో ఇరువైపులా పండగలాగే ఉంది. పట్టు సమయంలో ఏం తినకూడదో వాళ్లు, ఏం తినబోతున్నామో మేము. రిలీజుకు ముందు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడమే ఆఫీసులో నా పని, అందుకే నాకు రుజువు పిచ్చి. నోరూరుకోక రాసేశాను: 'గ్రహణం పట్టి ఉండగానే మా ఊరి గుట్ట మీద కూర్చుని మిర్చి బజ్జీలు తింటూ ఫొటో పెడతాను.' వందల చప్పట్లు. రాసింది గర్భిణి అని వాళ్లకు తెలియదు, రాసినప్పుడు నాకూ గుర్తులేనట్టే ఉంది.

మర్నాడే అమ్మ ఫోను. "ఏమే, పండుగ తెల్లారి గ్రహణమట. పోయినసారి గిట్లనే చెప్తే ఇనకపోతివి. గీసారి జర ఇంట్ల పండుకో బిడ్డా, నీ కాళ్లు మొక్కుత." ఆమెకు కూడా నేను చెప్పలేదు. అయినా ఎట్ల తెలిసిందో. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందమ్మా నువ్వు గూడ," అని పెట్టేశాను.

ఆ కోపంలోనే తప్పు చేశాను. మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లో అన్నం ముందు పెట్టుకుని గ్రూపు తెరిస్తే ఒకాయన రాశాడు, ఈ నియమాలు ధిక్కరించిన ఆడవాళ్లు ఎంతమంది కడుపులు పోగొట్టుకున్నారో ఆసుపత్రుల్లో అడగండి అని. అన్నం తినకుండా రాశాను. నాకు తెలిసిన ఒకామె ఉంది అని మొదలుపెట్టి, గ్రహణం రోజు ఆఫీసుకు వెళ్లిందనీ, మూడు వారాలకు బిడ్డ పోయిందనీ, ఆమె గదిలో పడుకుని ఉంటే ఇంటిపెద్ద హాల్లో ఫోనులో ఏమన్నాడో, ఆ మాటలు అక్షరం పొల్లు పోకుండా రాశాను. చిలక్కి చెప్పినట్టు, చేజేతులా, అన్నీ. మూడేళ్లు నోట్లో దాచుకున్న మాటలు. పంపేసి, చల్లారిన సాంబారు తాగి, మీటింగుకు పోయాను.

సాయంత్రం ఇది నేనే పైకి చదవాలని, తిరిగొచ్చే క్యాబులో గుర్తొచ్చింది.

తీసేద్దామని చూశాను. అప్పటికే దాన్ని మా వాళ్లు కాపీ చేసి పదిచోట్ల పెట్టారు. సరే, చదవకుండా దాటేద్దాం, ఆయనకెలా తెలుస్తుంది అనుకుంటూ తలుపు తీశాను. నేను చెప్పులు విప్పుతుండగానే మామయ్య సోఫాలోంచి అడిగారు, "వచ్చావా అమ్మా? ఇందాక మా పాత ఆఫీసు స్నేహితుడు ఫోన్ చేశాడు. వాడు గ్రహణం మీద ఏదో గట్టిగా రాశాట్ట, గ్రూపంతా అట్టుడుకుతోందట. కాస్త మంచినీళ్లు తాగి రా, చదువుదువుగాని."

మంచినీళ్లు తాగాను. ఇంకో గ్లాసు తాగాను. చుక్కలు వేస్తానన్నాను, వేశాను. ఇక చేసేందుకు పనేం మిగల్లేదు. ఆ సోఫాకూ టీపాయికీ మధ్య ఇరుక్కుని కూర్చుని చదవడం మొదలుపెట్టాను. వార్తల గొంతు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. ఆఫీసుకు వెళ్లింది అన్న దగ్గర ఆయన తల కొంచెం తిరిగింది. హాల్లో ఫోనులో అన్న దగ్గర సోఫా చెయ్యి పట్టుకున్నారు. నేను ఆయన మాటల్ని ఆయనకు చదివి వినిపించాను. పోగొట్టుకుంది అన్న మాటతో రాత అయిపోయింది.

కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన కళ్లద్దాలు తీయలేదు. నేను ఫోను వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయనకు తెలిసిపోయింది, నాకు అది తెలుసు. అయినా ఇద్దరిలో ఎవరం ఆ మాట అనలేం. అంటే ఆ తర్వాత రాత్రి భోజనాలు ఎలా చేస్తాం?

"రాయమ్మా," అన్నారు మామయ్య.

"చెప్పండి మామయ్యా."

"అయ్యా, కామా. మీరు ఉదహరించిన మాట అన్న వ్యక్తిని నేనెరుగుదును, ఫుల్‌స్టాప్. ఆయన చెడ్డవాడు కాదు... వద్దు, అది కొట్టెయ్. ఆ రోజు ఆయనకు ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాలేదు. తప్పు ఎవరో ఒకరి మీద పెడితే గాని నిలబడలేకపోయాడు. దేవుడి మీద పెట్టలేడు కదా. అందుకని ఇంట్లో అందరికన్నా చిన్నదాని మీద పెట్టాడు, ఫుల్‌స్టాప్. ఆ పిల్ల విన్నదని ఆయనకు ఇవాళే తెలిసింది. కొత్త పేరా." కొత్త పేరాలో ఏమీ చెప్పలేదు. అక్కడితో ఆపి అన్నారు, "ఏదీ, చదివి వినిపించు."

"చదవాల్నా మామయ్యా?" ఇంట్లో ఎప్పుడూ రాని నా మాట వచ్చేసింది.

"చదవాలమ్మా. చదవనిది పంపకూడదు."

చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, ఆయన రెండుసార్లూ ఆగారు. ఈసారి ఒక్క అక్షరం తీయకుండా పంపాను. గ్రూపులో మావాళ్లు పెద్దాయన కాళ్లబేరానికి వచ్చాడని కేరింతలు కొట్టారు. ఆ కేరింతలు చదువుతుంటే నాకు వాళ్ల మీద అసహ్యం వేసింది, వాళ్లలో ఒకదాన్నయినందుకు నా మీద కూడా. అందరూ నాస్తికుడి జవాబు కోసం చూశారు. నేనేం రాయగలను? క్షమించానని రాస్తే అబద్ధం. క్షమించలేదని రాసినా అది అబద్ధమే.

మర్నాటి నుంచి ఆయన నన్ను టైపింగుకు పిలవలేదు. పండగ ముందురోజు డాక్టరు చూసి, ఇక ఫోను చూసుకోవచ్చన్నాడు. ఆ రోజంతా ఆయన సోఫాలో కూర్చుని పాత జవాబులన్నీ మొదటినుంచి చదివారు. నేను పని ఉన్నట్టు గదిలోనే ఉండిపోయాను. నా ఇంట్లో నాకు నడవడానికి చోటు లేనట్టుంది.

గ్రహణం రోజు పొద్దున్నే ఆయన ఊరగాయ జాడీల మీదా పాలగిన్నె మీదా దర్భలు వేశారు. మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నా భర్త ఆఫీసుకు వెళ్లాడు. నేను సెలవు పెట్టాను. గుట్టకు వెళ్లడానికని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగింటికి మామయ్య చొక్కా మార్చుకుని, నా గది తలుపు దగ్గర నిలబడ్డారు.

"బయల్దేరమ్మా. మళ్లీ ఖాజాగూడ దాకా ట్రాఫిక్. నేనూ వస్తాను. పైకి ఎక్కలేను, కింద కూర్చుంటాను."

"ఎక్కడికి మామయ్యా?"

"బజ్జీలు తింటానన్నావుగా. ఇన్నాళ్లూ మసగ్గా ఉండి తెలియలేదు, కొత్త కంటితో చూస్తే ఆ ఫొటోలో రాయి మీ ఊరిదే. పెళ్లప్పుడు మీ నాన్న తీసుకెళ్లి చూపించాడు." ఆ వెంటనే అన్నారు, "కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతావన్న ముక్క తీసేశావు. చూశాను. రికార్డు గదికి పంపాలి నిన్ను."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీకు తప్పు కాదా, పట్టు సమయంలో బయటికి రావడం?"

"తప్పే. వచ్చి స్నానం చేస్తాను. నీకు మూడో నెలని కూడా తెలుసు. పొద్దున్నే వాంతులు వినబడవా? ఆపరేషన్ కళ్లకు కదా, చెవులకు కాదు. ఈసారి ఏం జరిగినా అది నువ్వు వెళ్లినందువల్ల కాదని చెప్పడానికి నీ పక్కన ఒకడు ఉండాలి. పద."

చెప్పులు వేసుకున్నాను. లిఫ్టు దాకా వెళ్లాను. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. వరండా కిటికీలోంచి ఎండ అప్పటికే కాస్త మరో రంగుకు తిరిగినట్టు కనబడింది, లేక నాకే అలా అనిపించిందేమో. నా చెయ్యి పొట్ట మీదికి పోయింది. కాలు కదల్లేదు. దీనికీ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. రెండేళ్లుగా వేలమందికి చెప్పినదాన్ని, ఎలా లేదో బొమ్మ గీసి చూపించగలను. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. నేను వెనక్కి వచ్చి, గదిలోకి పోయి, తెరలు లాగి, తలుపు దగ్గరగా వేసి, వెల్లకిలా పడుకున్నాను. కాలు మీద కాలు వేయకూడదని ఎప్పుడో విన్నది గుర్తొచ్చి, కాళ్లు చాపుకున్నాను. చేతులు కూడా కదపలేదు. ఇంతకన్నా సిగ్గుపడ్డ రోజు నా జీవితంలో లేదు. కానీ ఎంత సిగ్గేసినా కదల్లేదు.

మామయ్య నన్ను పిలవలేదు. కుర్చీ లాక్కుని గది బయట కూర్చున్నట్టు చప్పుడైంది. హాల్లో వదిలేసిన నా ఫోను మోగుతూనే ఉంది. ఫొటో ఏది, ఫొటో ఏది అని.

"అడుగుతున్నారమ్మా," అన్నారు తలుపు సందులోంచి. "ఏం రాయమంటావు? చెప్పు, నేను కొడతాను. సొంత మాట కలపను."

ఆ నిమిషంలో ఫోను తాళం నంబరు కూడా చెప్పేశాను. ఆయన మీద రెండేళ్లు నేను రాసినవన్నీ అందులో ఉన్నాయి.

"భయమేసిందని రాయండి."

ఆయన ఒక్కవేలితో చాలాసేపు కొట్టారు. "భయమేసింది, ఫుల్‌స్టాప్. చదివాను. పంపించనా?"

నేను పంపమనలేదు, వద్దనీ అనలేదు. ఆయన పంపలేదు. "డ్రాఫ్టు ఉంచుతాను," అని ఫోను నోట్సులో పెట్టారు. చీకటిపడి, ఆయన స్నానం చేసి దీపం పెట్టేదాకా నేను అలాగే పడుకున్నాను. గ్రూపులో నాస్తికుడు తోక ముడిచాడని తేల్చేశారు. మావాళ్లు ఇంకా ఘోరంగా తిట్టారు.

వేసవిలో పాప పుట్టింది. మూడు కిలోలు, గట్టి గొంతు. ఆ సంతోషంలోనే నాకు ఇంకో బోను సిద్ధమై ఉందని అప్పుడు తెలియలేదు. ఒకసారి బయటికి వెళ్లాను, పోయింది. ఒకసారి లోపల పడుకున్నాను, దక్కింది. రెండుసార్లతో ఏదీ తేలదని నేను రోజూ ఆఫీసులో కుర్రవాళ్లకు చెప్తాను. కానీ ఇక ఎవరితో వాదించినా నా ఒళ్లే నాకు ఎదురు సాక్ష్యం చెప్తుంది.

బారసాల రోజు మామయ్య చెల్లెలు వచ్చింది, ఆనాడు ఫోనులో అటువైపున్నావిడ. పాపను ఒళ్లో వేసుకుని, హాలు నిండా చుట్టాలుండగా మెచ్చుకోలుగా అంది, "చూశావా అన్నయ్యా, ఈసారి కోడలు నియమం పాటించింది. పండంటి పిల్ల దక్కింది."

గ్రూపులో అయితే ఇలాంటి వాక్యాన్ని పది ముక్కలు చేసేదాన్ని.

"నియమం కాదే అది," అన్నారు మామయ్య, అందరికీ వినబడేలా. "భయం. ఆ భయం పెట్టినవాణ్ని నేను. వెళ్దాం రమ్మని నేనే పిలిచినా అది కదల్లేకపోయింది. ఇంకెప్పుడూ ఆ మాట ఈ ఇంట్లో అనొద్దు."

పాప ఏడ్చింది. తీసుకుని గదిలోకి వెళ్లి పాలిస్తూ, ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీశాను. నోట్సులో ఆ ఒక్క మాట అలాగే ఉంది. ఒకసారి పైకి చదువుకున్నాను. గ్రూపులో ఆయన జవాబు ఇంకా అక్కడే ఉంది, కొత్త పేరా దగ్గర ఆగిపోయి. దాని కింద 'భయమేసింది' అని పెట్టి పంపాను.

హాల్లో మామయ్య ఫోను టింగుమంది.